ధనరాజు బండి డిక్కీలో అరవై రెండో పేరు

మా పేటలో ఎవరు ఎప్పుడు పుట్టారో పంచాయతీ ఆఫీసులో దొరుకుతుందో లేదో గానీ, ధనరాజు బాబాయిగారి అంబాసిడర్ డిక్కీ మూత లోపలివైపు మాత్రం దొరుకుతుంది. తెల్ల పెయింటుతో, సన్నటి కుంచెతో, ఒకదాని కింద ఒకటి అరవై ఒక్క పేర్లు. మా దగ్గర బిడ్డ పుట్టాక మొదటిసారి చర్చికి తీసుకెళ్ళి ప్రతిష్ఠ చేయిస్తారు. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసి పేరు పెడతారు. ఆ రోజు బిడ్డ ఎక్కేది బాబాయిగారి బండే. తిరిగొచ్చి ఇంటి ముందు దించాక ఆయన డిక్కీ ఎత్తి పేరు రాస్తారు.

తొమ్మిదో పేరు మా ఆయన నాగసతీష్‌ది. పద్నాలుగోది నాది. మా పెళ్ళి మాటలప్పుడు మా అత్తగారు చిట్టెమ్మగారు జాతకాలేమీ చూడలేదు, డిక్కీ మూత చూశారు. "మధ్యలో నలుగురే ఉన్నారు, ఈడు సరిపోతుంది" అన్నారట.

ఈ వరస ఎందుకు మొదలైందో చెప్పాలంటే బాబాయిగారి భార్య కృపమ్మ పిన్ని చూపు గురించి చెప్పాలి. ముప్ఫై ఏడేళ్ళ కింద వాళ్ళమ్మాయిని ప్రతిష్ఠకు తీసుకెళ్ళాల్సిన రోజున ముసురు పట్టింది. అప్పుడు బాబాయిగారు ఊళ్ళో ఆసామి సుబ్బరాజుగారి నాన్నగారు పెద్దరాజుగారి దగ్గర ట్రాక్టరు డ్రైవరు. ఆ ఇంట్లో కారుంది. ఒక్క గంటకి ఇప్పించమని అడిగితే పెద్దరాజుగారు "చూద్దాంలే" అన్నారు. ఆదివారం పొద్దుటి దాకా చూస్తూనే ఉన్నారు. చివరికి పిల్లను గొడుగు కింద పెట్టుకుని బురద గట్ల మీద రెండు మైళ్ళు నడిచారు. పిల్లకి జలుబు చేసింది. ఆ పిల్ల ఇప్పుడు రాజోలులో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. కానీ ఇప్పటికీ ఆవిడ తుమ్మితే, ఫోనులో తుమ్మినా సరే, పిన్ని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని బాబాయిగారి వైపు ఒకసారి చూస్తారు. మాటేమీ ఉండదు. చూపే.

ఆ చూపు భరించలేకే, అమలాపురంలో ఒక డాక్టరుగారు వదిలించుకుంటున్న అంబాసిడర్‌ని తాను పట్టుకున్నానని బాబాయిగారు చెబుతారు. మామూలు రోజుల్లో అది టాక్సీ. పెళ్ళిళ్ళకి, ఆస్పత్రులకి, ఐనవిల్లి మొక్కులకి, వాడపల్లి ఏడు శనివారాలకి అందర్నీ తిప్పింది. ఏ దేవుడి దగ్గర బండికి నీడ ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలిసినట్టు ఈ సీమలో ఇంకెవరికీ తెలియదు.

ఆయనకి ఒకటే చేతకాదు. కాదు అనడం. అరవై ఆరేళ్ళొచ్చాయి, ఎవరేమన్నా "ఆయ్" అంటారు. ఎండగా ఉందన్నా ఆయ్, పక్కనే ఇంకొకరు మబ్బుగా ఉందన్నా ఆయ్. మా వైపు అందరూ మర్యాదస్తులే గానీ, ఈయన మర్యాద ముందు మాది మొరటుగా కనిపిస్తుంది.

ఇక నా సంగతి. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. పాప పుట్టి నాలుగు నెలలైంది, ఇంకా సెలవులోనే ఉన్నాను. పాప పుట్టినప్పటి నుంచి నేను చదివిన ఎమ్మెస్సీ అంతా భయపడటానికే పనికొస్తోంది. పౌడరు డబ్బా మీద రాసినవన్నీ చదువుతాను. ఉయ్యాల కొక్కేనికి బరువు లెక్క కట్టాను. అలాంటిదాన్ని, ప్రతిష్ఠ ఇంక రెండు ఆదివారాలుందనగా, బండి ఒకసారి చూసొద్దామని బయల్దేరాను.

బాబాయిగారు నన్ను ఎక్కించుకుని రోడ్డు మీదకి తిప్పారు. మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గర నా వెనకాల నుంచి "గుడుక్... టక్" అని వినిపించింది. రెండో దాని దగ్గర మళ్ళీ గుడుక్, మళ్ళీ టక్.

"బాబాయిగారూ, ఆ చప్పుడేంటండీ?"

"ఏ చప్పుడమ్మా?"

ఆయన నిజంగానే అడిగారు. ముప్ఫై అయిదేళ్ళుగా వింటున్నది ఆయనకి చప్పుడు కింద లెక్క కాదు.

దిగి, వెనక వంగి, ఫోను లైటు వేసి చూశాను. ఆ బండికి పెట్రోలు ట్యాంకు డిక్కీ అడుగున ఉంటుంది, రెండు ఇనుప పట్టీలు దాన్ని పైకి లాగి పట్టుకుని ఉంటాయి. ట్యాంకుకీ ఇనుముకీ మధ్య ఎప్పుడో ఏదో మెత్త వేసి ఉంటారు. అది నల్లటి పొడైపోయింది. ట్యాంకు పట్టీల్లో వదులుగా ఊగుతోంది. ఇనుము ఇనుముని రాసుకుంటోంది, లోపల పెట్రోలు, దానికి జానెడు ముందు వెనక సీటు, ఆ సీట్లో నా కూతురు.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మేం మా అన్నయ్య కొత్త కారులో వెళ్ళిపోతామండీ."

"ఆయ్. అలాగేనమ్మా."

మా ఆయన "హమ్మయ్య, ఒప్పుకున్నారు" అన్నారు. మర్నాడు పొద్దున్నే బాబాయిగారూ పిన్నీ మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. బాబాయిగారు గడ్డం గీసుకోలేదు.

"నిన్నటి నుంచి ముద్ద దిగట్లేదే ఆయనకి" అన్నారు పిన్ని.

బాబాయిగారు కండువా మడతపెడుతూ విప్పుతూ అన్నారు. "అరవై ఒకటి దగ్గర ఆగిపోతే ఆ తర్వాత వాళ్ళు ఎందుకెక్కుతారమ్మా? 'కెమిస్ట్రీ మేడమ్‌గారే ఎక్కించలేదంట' అంటారు. ఇంక ఆ మూత ఎత్తి ఎవరికి చూపించను? అందుకని మెత్త నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే వేస్తాను. చూసుకుని నువ్వు బాగుందన్నాకే పాప ఎక్కుద్ది. నువ్వు వద్దంటే కొత్త కారు తలుపు నేనే తీసి ఎక్కిస్తాను."

దీనికి ఎవరు కాదనగలరు? నేను మూడు షరతులు పెట్టాను. మెత్త పెట్రోలు తగిలినా పాడవకూడదు. నీళ్ళు పీల్చి పట్టుకోకూడదు, పట్టుకుంటే ట్యాంకు తుప్పు పడుతుంది. ట్యాంకు కదలకూడదు.

"ఆయ్" అన్నారు. ఈసారి దీన్నెలా తీసుకోవాలో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికల్లా పేటంతా తెలిసిపోయింది. మెత్త అనేసరికి మనుషులకి ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో అప్పుడు చూశాను. మొదట కృపమ్మ పిన్నే కొబ్బరి పీచు చాప తెచ్చారు. మా ఆయన, కొన్న రోజు నుంచీ ఒక్కసారీ విప్పని యోగా మ్యాటు తెచ్చి చాలా ఉదారంగా నా ముందు పెట్టారు. అత్తగారు పాత సైకిలు ట్యూబు ఇచ్చారు. సాయంత్రం సుబ్బరాజుగారు బుల్లెట్ మీద వచ్చారు. ఆయనకి ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఐసు పెట్టెలు కోసిన థర్మోకోల్ పలకలు నాలుగు దించారు.

"రొయ్య పిల్లలు చెన్నై దాకా దీంట్లోనే వెళ్తాయి, ఒక్కటి నలగదు. మీ పాపకేంటి?" అన్నారు.

నేను అత్తగారి మాగాయ సీసాలు కడిగి, పెరట్లో పొయ్యికి దూరంగా గోడ మీద వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో నాలుగు చెంచాల పెట్రోలు పోసి, ఒక్కో ముక్క వేశాను. అత్తగారు సీసాల వైపు చూసిన చూపు కృపమ్మ పిన్ని చూపుకి చెల్లెలు.

థర్మోకోల్ వేసిన సీసా దగ్గర సుబ్బరాజుగారు స్వయంగా నిలబడ్డారు. ముక్క పెట్రోలుకి తగిలిందో లేదో బుసబుసమని అడుగున జిగురైపోయింది. అరచేతి మందాన ఉన్న ముక్క కళ్ళ ముందే మాయమైంది. ఆయన సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు.

"ఇది కల్తీ పెట్రోలండి" అన్నారు.

"ఆయ్" అన్నారు బాబాయిగారు పక్క నుంచి.

సైకిలు ట్యూబు ఒక్క రోజులో ఉబ్బి, బూరెలా తయారైంది. యోగా మ్యాటు ముక్క చుట్ట చుట్టుకుంది. "అది ఆసనం వేస్తోందే" అన్నారు మా అత్తగారు కొడుకు వైపు చూస్తూ, "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒకరు వేశారు."

కొబ్బరి పీచు మాత్రం పెట్రోల్లో చెక్కుచెదరలేదు. పిన్ని గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి, మిగిలిన సీసాల్ని పరామర్శించి వచ్చారు. అప్పుడు నేను పీచుని నీళ్ళలో తడిపి ఒక మేకు చుట్టూ చుట్టి పెట్టాను. మూడో రోజుకి మేకు ఎర్రగా తుప్పు.

"ట్యాంకేమన్నా గోదాట్లో ఈదుద్దా?" అన్నారు పిన్ని.

"వర్షాకాలంలో మన రోడ్డు చూశారు కదా పిన్నీ."

"ఇంట్లో నా మంచం మీదున్న పీచు పరుపు ముప్ఫై ఏళ్ళుగా ఉంది. మీ బాబాయిగారు ఇంకా తుప్పట్టలేదు" అని చెప్పి వెళ్ళిపోయారు.

సీసాల్లో ఒక్కటీ పాసవలేదు. పెట్రోలు తగిలినా ఉబ్బని రబ్బరు ఒకటుందని నాకు తెలుసు. ఆన్‌లైన్లో వెతికితే పది రోజులకి వస్తుందన్నారు. మాకున్నవి ఆరు రోజులు. ఆ సాయంత్రం బాబాయిగారి మొహం చూడలేక, పదండి, కనీసం పెట్రోలు కొట్టించుకొద్దాం అన్నాను. ఆయన పెట్రోలు కొట్టించే పద్ధతి కూడా చెప్పాలి. బండిలో పెట్రోలు చూపించే ముల్లు చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది. డిక్కీలో ఒక కొబ్బరి ఈనె ఉంటుంది, దాన్ని ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో వేలితో కొలిచి, నూనె డబ్బాలో ఎంత మిగిలిందో చూసుకున్న గృహిణిలా తల ఊపుతారు.

బంకు చూసుకునే దుర్గేష్ అప్పుడే ఒక పంపుకి కొత్త గొట్టం బిగించాడు. పాతది గోడ పక్కన చుట్ట చుట్టి పడుంది.

"దీనికేమైంది దుర్గేష్?" అని అడిగాను.

"ఏమీ అవలేదండి. గడువు అయిపోయింది, మార్చాలండి రూలు ప్రకారం. అయిదేళ్ళు వాడేం."

నేను ఆ గొట్టం దగ్గర గొంతుక్కూర్చుండిపోయాను. అయిదేళ్ళ పాటు పగలూ రాత్రీ పెట్రోల్లో బతికిన రబ్బరు. ఎండలో, వానలో నిలబడిన రబ్బరు. ఉబ్బలేదు, కరగలేదు, చుట్ట చుట్టుకోలేదు. నేను సీసాలు పెట్టుకుని అయిదు రోజులు చేస్తున్న పరీక్షని ఇది అయిదేళ్ళుగా నిశ్శబ్దంగా రాసి పాసైంది, అదీ మా ఇంటికి అరమైలు దూరంలో.

"ఒక మూర ముక్క ఇస్తావా?"

"ఎంత కావాలన్నా తీసుకోండి మేడమ్. మొక్కలకి నీళ్ళు పెట్టుకుంటారాండి?"

"పాపకి" అన్నాను. దుర్గేష్ వెళ్ళి కత్తి తెచ్చాడు.

ముక్క కోసి నిలువునా చీలిస్తే బెల్టులా పరుచుకుంది. లోపల సన్నటి రాగి తీగ ఒకటుంది, దాన్ని లాగేశాం. రెండు రోజులు పెట్రోల్లోనూ ఉంచాను, మేకు చుట్టి నీళ్ళలోనూ ఉంచాను. రెండు చోట్లా మహారాజులా ఉంది. అయితే రబ్బరు వేస్తే ట్యాంకుకీ బండికీ మధ్య కరెంటు దారి తెగిపోతుంది. అలా తెగితే నిప్పురవ్వ పుట్టొచ్చు కాబట్టి, లాగేసిన రాగి తీగతోనే ట్యాంకుని బండి ఇనుముకి కలిపి కట్టమన్నాను. పెట్రోలు మొత్తం తీసేశాకే పని మొదలెట్టమనీ, ఆ చుట్టుపక్కల ఎవరూ బీడీ కాల్చకూడదనీ కాగితం మీద రాసిచ్చాను. బాబాయిగారు ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకున్నారు.

శనివారం పని. నేను నిలబడి చూద్దామనుకున్నాను గానీ, అంతకుముందు రోజు వేసిన టీకాకి పాపకి ఒళ్ళు వెచ్చబడింది, కదల్లేకపోయాను. సాయంత్రం బాబాయిగారు ఫోను చేసి ఒక్క మాటే అన్నారు. "వేసేనమ్మా."

ఆదివారం పొద్దున్న పాపకి ఒళ్ళు చల్లబడింది. బండి తళతళలాడుతూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. అత్తగారు పాపని ఎత్తుకుని బయటికి వచ్చారు. సరిగ్గా అప్పుడే సుబ్బరాజుగారి బుల్లెట్ కూడా ఆగింది.

"ఇవాళ పాప సవారీ మా థర్మోకోల్ మీదే కదా. చూసిపోదామని వచ్చేను" అన్నారు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మా ఆయన అయోమయంగా చూశారు. "నా యోగా మ్యాటు వేసేనన్నారే బాబాయిగారూ?"

"ఏంటీ?" అన్నారు ముందు సీట్లోంచి పిన్ని. "నా పీచు చాప వేసేనన్నారు."

అందరూ బాబాయిగారి వైపు తిరిగారు. ఆయన ఒక్కొక్కరి వైపూ తిరిగి ఒక్కొక్కరికీ విడివిడిగా "ఆయ్" అన్నారు.

థర్మోకోల్ బుసబుసమని కరిగిపోయిన సీసా నా కళ్ళ ముందు తిరుగుతోంది. అత్తగారి చేతుల్లోంచి పాపని తీసుకుని వెనక్కి రెండడుగులు వేశాను. అన్నయ్య కారు పక్క వీధిలో సిద్ధంగా ఉంది. ఫోను చేస్తే రెండు నిమిషాలు.

"డిక్కీ తియ్యండి బాబాయిగారూ."

ఆయన తీశారు. మూత పైకి లేచింది, అరవై ఒక్క పేర్లూ నా వైపు చూశాయి. నేను పాపని మా ఆయన చేతికిచ్చి, పట్టుచీరతోనే వంగి, కింద ఫోను లైటు వేసి చూశాను. ట్యాంకు చుట్టూ నల్లటి గొట్టం పట్టీలు. పక్కన రాగి తీగ, కొనకి బోల్టు. చేత్తో ఊపాను. కదల్లేదు. థర్మోకోల్ రవ్వ కూడా లేదు.

"మరి నాది?" అన్నారు మా ఆయన.

బాబాయిగారు డిక్కీలో ఒక మూట చూపించారు. జాకీ, పానాలు, అన్నీ యోగా మ్యాటులో చుట్టి తాడుతో కట్టి ఉన్నాయి. "గుడుక్ అనేది ట్యాంకమ్మా. టక్ అనేది జాకీ. నువ్వు గుడుక్ ఒక్కటే పట్టుకున్నావు."

స్టెప్నీ టైరు కింద పీచు చాప నీటుగా గుండ్రంగా కోసి పరిచి ఉంది. పిన్ని దిగొచ్చి చూసుకుని, తృప్తిగా మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. వేసేనన్నాను. ఎక్కడ వేసేనో ఎవరూ అడగలేదు."

"నాదెక్కడయ్యా?" అన్నారు సుబ్బరాజుగారు.

బాబాయిగారు మొదటిసారి కొంచెం తటపటాయించారు. ముందుకెళ్ళి డ్రైవరు తలుపు తీసి, సీటు మీద పరిచిన తువ్వాలు అంచు ఎత్తారు. తెల్లటి పలక. ట్యాంకుకి దూరంగా, బండిలో ఈ చివర.

"సీటు కుంగిపోయి రోడ్డు సరిగ్గా కనపడేది కాదండి. మీ చలవ వల్ల రెండంగుళాలు లేచేను."

సుబ్బరాజుగారు పలక వైపు చూశారు, బాబాయిగారి వైపు చూశారు. "నేనిచ్చింది తీసికెళ్ళి నీ కింద పెట్టుకున్నావా ధనరాజూ?"

"ఆయ్. చాలా మెత్తగా ఉందండి."

ముందు సీట్లో పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అడ్డం పెట్టుకునే అన్నారు. "అప్పుడు కారు అడిగితే మీ నాన్నగారు చూద్దాంలే అన్నారు కదండీ రాజుగారూ. ఇవాళ మీరు వచ్చి చూసేరు. బాకీ లేదు లెండి."

సుబ్బరాజుగారికి ఆ ముసురు సంగతి తెలుసు. మీసం మీద చెయ్యి వేసుకున్నారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని తెలియడానికి మాకు కొంత టైము పట్టింది. "ఇంకో పలక పంపిస్తాన్లే" అన్నారు, "నీకు ఇంకా ఎత్తు చాలట్లేదు."

బాబాయిగారు నవ్వలేదు. నా వైపే చూస్తున్నారు. చేతిలో కండువా మడత పడుతోంది, విడుతోంది.

"బాగుంది బాబాయిగారూ" అన్నాను.

ఆయన తలుపు తీశారు. తన బండి తలుపే.

బయల్దేరాక ఆయన వేలితో ముందుకి చూపించారు. పెట్రోలు ముల్లు సగం దాకా లేచి నిలబడి ఉంది. తుప్పుతో ఎప్పుడో తెగిన కరెంటు దారి రాగి తీగతో మళ్ళీ కలిసి, చచ్చిన ముల్లుకి ప్రాణం వచ్చింది. కొబ్బరి ఈనె ఇంక అక్కర్లేదన్నాను. "ఆయ్" అన్నారు. అది ఇప్పటికీ డిక్కీలో ఉంది.

మొదటి స్పీడ్‌బ్రేకరు వచ్చింది. ఏ చప్పుడూ లేదు. రెండోది, ఏమీ లేదు. ఇంత గొప్పగా నాకెప్పుడూ ఏ ప్రయోగమూ కుదరలేదు. ఆ నిశ్శబ్దంలో పాప కళ్ళు తెరిచి, పైకప్పు వైపు చూసి, గొంతు చించుకుని ఏడవడం మొదలెట్టింది. పాలు పట్టినా ఆగదు, భుజాన వేసుకున్నా ఆగదు.

"నేనెప్పుడో అనుకున్నాను" అన్నారు పిన్ని. "అరవై ఒక్కమందీ చర్చి దాకా నిద్రపోయేరు. ఆ గుడుకు గుడుకే జోల."

మూడో స్పీడ్‌బ్రేకరు దగ్గర బాబాయిగారు వేగం తగ్గించి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, నోటితో "గుడుక్" అన్నారు. పిన్ని తలుపు మీద గాజులతో "టక్" అనిపించారు. పాప ఏడుపు సగంలో ఆపి విన్నది. చర్చి చేరేలోగా ఇంకా పదకొండు స్పీడ్‌బ్రేకర్లున్నాయి. ఆ ఇద్దరూ ఒక్కటీ వదల్లేదు. ఆరో దాని నుంచి మా ఆయన కూడా కలిశారు. ఎనిమిదో దాని దగ్గర పాప నిద్రపోయింది. ఆ తర్వాతి మూడింటికి నేనూ గుడుక్ అన్నాను.

ప్రతిష్ఠ అయింది. కెజియా అని పేరు పెట్టాం. ఇంటికి రాగానే బాబాయిగారు డిక్కీ ఎత్తి, పెయింటు డబ్బా మూత ఊడబెరికి, అరవై ఒకటో పేరు కింద కుంచె పెట్టారు.

"చిన్న పేరు పెట్టి బతికించేరమ్మా" అన్నారు. "పోయినసారి పేరుకి రెండు లైన్లు పట్టింది."

నేను పాపని ఎత్తుకుని దగ్గరగా నిలబడి చూస్తున్నాను. చివరి అక్షరానికి దీర్ఘం దిద్దుతుండగా పాప ముక్కు చిట్లించి, చిన్నగా ఒక్క తుమ్ము తుమ్మింది.

పిన్ని నెమ్మదిగా తల తిప్పి బాబాయిగారి వైపు చూశారు.

కుంచె గాల్లో ఆగిపోయింది. "నేనేం చేసేనే? అది పెయింటు వాసన. కావాలంటే మేడమ్‌గారిని అడుగు."

ఆయన నా వైపు చూశారు. పిన్నీ నా వైపు చూశారు. పెయింటు ఆవిరి ముక్కుకి తగిలితే తుమ్ము వస్తుందని చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. కానీ బాబాయిగారి ముప్ఫై ఏడేళ్ళ కష్టం గుర్తొచ్చి, చదువుకున్న చదువంతా గొంతులోకి తెచ్చుకుని చెప్పాను.

"ఆయ్. పెయింటేనండీ."